ఏడు వారాల సెలవు, రోజుకో ఘడియ



ఈ వారం వీడియోలో పరీక్షిత్తు మహారాజు గురించి చెప్పుకున్నాం. ఏడు రోజుల్లో ప్రాణం పోతుందని తెలిసిన మనిషి ఆ ఏడు రోజులూ ఏం చేశాడన్నది. వీడియో పన్నెండు నిమిషాలే కాబట్టి అందులో నా సొంత గొడవ పెట్టలేదు. అది ఇక్కడ రాస్తున్నా. పోయిన ఏడాది దసరా వెళ్ళగానే నాకు ఏడు వారాలు ఇంట్లో ఉండాల్సి వచ్చింది. అందులో మొదటి పదమూడు రోజులు శుభ్రంగా పాడుచేసుకున్నాను. ఎలా పాడుచేశానో, తర్వాత ఏం మారిందో చెప్తే, ఏదో ఒక కారణంగా ఇంటిపట్టున చాలా రోజులు ఉండాల్సినవాళ్ళకి పనికొస్తుందనిపించింది.

సెలవు ఎలా వచ్చిందో ముందు చెప్తాను. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం రాత్రుళ్ళు ఆఫీసు కుర్రాళ్ళతో బాక్స్ క్రికెట్ ఆడేవాణ్ణి. ఓ రోజు రెండో పరుగు కోసం గబుక్కున వెనక్కి తిరిగాను. పాదం టర్ఫ్‌లో అలాగే ఉండిపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. లోపల టప్పుమన్న చప్పుడు నాకే వినిపించింది. ఎమ్మారై తీసి, ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది అన్నారు. తొడ వెనకనుంచి స్నాయువు ముక్క తీసి దాని బదులు వేశారు. మెడికల్ లీవు, వాడుకోకుండా మిగిలిన లీవులు అన్నీ కలిపారు. ఆపరేషన్ అయిన ఐదో రోజు నాన్నగారు కారు మాట్లాడి, వెనక సీట్లో నా కాలు బారుగా చాపించి, పాలకొల్లు తీసుకొచ్చేశారు. అక్కణ్ణుంచి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళే రోజుదాకా లెక్కేస్తే సరిగ్గా 49 రోజులు.

ఇంత ఖాళీ నాకు ఇంజినీరింగ్ అయ్యాక ఎప్పుడూ దొరకలేదు. నిజం చెప్పాలంటే నొప్పి ఉన్నా లోపల కాస్త సంతోషంగానే ఉంది. వచ్చిన రోజు రాత్రే ఎక్సెల్ తెరిచి టైమ్‌టేబుల్ వేశాను. తెల్లవారుజామున ఐదింటికి లేవడం, ధ్యానం, విష్ణు సహస్రనామం, క్లౌడ్ సర్టిఫికేషన్‌కి రెండు గంటలు, కోడింగ్ లెక్కలు రోజుకి మూడు, భగవద్గీత రోజుకో అధ్యాయం, మన ఛానల్‌కి స్క్రిప్టులు, రాత్రి డైరీ. ఒక్కోదానికి ఒక్కో రంగు. చూడ్డానికి ఎంత బాగుందో! ఫోటో తీసి స్నేహితుడికి కూడా పంపాను.

మూడో రోజుకి అది మూలపడింది. మందుల మత్తుకి ఐదింటికి లేవలేకపోయాను. ఐదింటిది పోయిందంటే ఐదున్నరది పోయింది, అది పోతే ఆరింటిది. వరసలో మొదటిది ఫెయిలైతే వెనకవన్నీ ఆగిపోయే ప్రోగ్రామ్ రాసినట్టు నా రోజు రాసుకున్నాను. ఇంక మిగిలిన రోజంతా ఫోనే. రీల్స్, క్రికెట్, ఎవరెవరికి ప్రమోషన్ వచ్చిందో లింక్డిన్‌లో చూడ్డం, చూసి కుళ్ళుకోవడం. రాత్రి పడుకునేముందు 'రేపట్నుంచి' అనుకోవడం. పదమూడు రోజులు ఇదే. ఆఫీసులో పని ఎక్కువై పాడైన రోజులు నాకు చాలా ఉన్నాయి గానీ, ఏ పనీ లేకుండా అంతకంటే ఎక్కువ అలసిపోయింది మాత్రం ఆ పదమూడు రోజులే.

ఇంకో సంగతి. మంచం దిగకుండా ఉన్నది నేను, పని పెరిగింది అమ్మకి. ఓ రోజు ఏమీ తోచక, అమ్మ నా గదిలోకి ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాను. కాఫీ, మందులు, ఐస్ ప్యాక్, టిఫిను, చార్జరు, మంచినీళ్ళు. పొద్దుణ్ణుంచి పడుకునేలోపు ఇరవై మూడుసార్లు. నేను సెలవు అనుకున్నది ఆవిడకి ఓవర్‌టైమ్. ఆ సంగతి రెండు వారాలు నా బుర్రకి తట్టనే లేదు.

అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. ఎనభై ఒకటి. తాతగారు పోయాక అమ్మ తీసుకొచ్చేసింది. నా చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే మధ్యాహ్నం భోజనాలయ్యాక గుమ్మం దగ్గర చాప వేసుకుని భాగవతం పైకి చదివేది. మేం నిద్రపోయేవాళ్ళం. నాలుగేళ్ళ కిందట కంటి లోపలి పొర దెబ్బతింది. చుట్టుపక్కల కనిపిస్తుంది గానీ సరిగ్గా చూడాలనుకున్న చోటే మసక. అద్దాలు మార్చినా ఉపయోగం లేదన్నారు. నడుస్తుంది, వంటింట్లోకి వెళ్తుంది, చదవలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడలేదు కాబట్టి, ఆవిడకి అలవాటైపోయిందని మేమంతా అనుకున్నాం.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం నా గదిలోకొచ్చి కుర్చీలో కూర్చుంది. ఏదో ఒకటి పెట్టాలని మన ఛానల్ వీడియోనే పెట్టాను, గజేంద్ర మోక్షం. కాసేపు విని, "ఆపరా" అంది.

"ఏం అమ్మమ్మా, బాలేదా?"

"బానే ఉంది. కానీ వాడు ఆగడు. నేను ఆగమన్న చోట ఆగడు. నాకు ఒక్కో చోట పద్యం అయ్యాక కాసేపు ఊరుకోవాలనిపిస్తుంది. వాడు గడగడా వెళ్ళిపోతాడు."

ఆ 'వాడు' ఎవరో కాదు, నేనే. ఆ వీడియోకి గొంతు ఇచ్చింది నేను. ఆవిడకి తెలియలేదు, నేనూ చెప్పలేదు.

"పుస్తకం ఉంది కదా, నువ్వు చదవకూడదా?" అంది.

బీరువాలోంచి అట్ట వేసిన పాత పుస్తకం అమ్మ తెచ్చిచ్చింది. తెరిచాక తెలిసింది అసలు సంగతి. నేను ఒకటో తరగతినుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగు సినిమా పోస్టరు చదువుతాను, వాట్సాప్ చదువుతాను. పోతన పద్యం నాలుగు పాదాలు పైకి చదవడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. పదం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలీదు. పాత అచ్చులో అరసున్నలు, బండి 'ఱ'లు. అరసున్న ఉన్న ప్రతిచోటా ముక్కుతో లాగుతున్నాను. అమ్మమ్మ నవ్వుతోంది. "అరసున్నని పలక్కురా, అదక్కడ ఉందని తెలిస్తే చాలు" అంది. స్క్రిప్టు చూసి గొంతు ఇవ్వడం వేరు, చదవడం వేరు అని ఆ రోజు అర్థమైంది.

మర్నాటినుంచి రోజూ అదే వేళకి చదవాలని అనుకున్నాం. ఫిజియో రోజుకి మూడుసార్లు చేయాలి: మడమ మంచం మీద జారిస్తూ మోకాలు వంచడం, తొడ కండరం బిగించి పట్టుకోవడం, కాలు నిటారుగా ఎత్తడం. మధ్యాహ్నం విడత అయ్యాక మోకాలి మీద ఐస్ పెట్టుకుని ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. ఆ ఇరవై నిమిషాలే చదివే వేళ. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, అలా కుదిరింది. కానీ టైమ్‌టేబుల్ మొత్తంలో నిలబడింది ఇదొక్కటే. ఎందుకంటే దీనికి 'లేవాలి', 'మొదలుపెట్టాలి' అనే బాధ లేదు. ఐస్ ఎలాగూ పెట్టాలి, కదలకూడదు, అమ్మమ్మ అప్పటికే వచ్చి కూర్చుంటుంది.

ఆ చివరిది అన్నిటికంటే ముఖ్యం. నాలుగో రోజే నాకు తెలిసొచ్చింది. మధ్యాహ్నం పాత కొలీగ్ ఒకడు ఫోన్ చేసి, ఒక కంపెనీలో ఖాళీలున్నాయని గంటసేపు మాట్లాడాడు. తర్వాత అలాగే ఇంటర్వ్యూ ప్రశ్నలు చూస్తూ ఉండిపోయాను. నాలుగు దాటాక తలెత్తితే, వరండాలో అమ్మమ్మ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చునుంది. రెండున్నరనుంచీ అలాగే ఉందట. పిలవలేదు. "నీకేదో పనుందనుకున్నాలే" అంది. నాకు టైమ్‌టేబుల్ తప్పినందుకు ఎప్పుడూ సిగ్గు వెయ్యలేదు. అది నేను నాకు చెప్పుకున్న మాట, తప్పితే అడిగేవాళ్ళు లేరు. ఇది అలా కాదు కదా.

పరీక్షిత్తు సంగతి ఇక్కడ చెప్పాలి. అభిమన్యుడి కొడుకు, పాండవుల తర్వాత రాజ్యమేలినవాడు. వేటలో దాహమేసి, పలకలేదన్న కోపంలో శమీక మహర్షి మెడలో చచ్చిన పాముని వేశాడు. ముని కొడుకు శృంగి ఏడో రోజున తక్షకుడి కాటుకి పోతావని శపించాడు. రాజ్యం జనమేజయుడికి అప్పగించి గంగ ఒడ్డున ప్రాయోపవేశం చేశాడు. ఇదంతా వీడియోలో ఉంది. నేను చెప్పాలనుకున్నది తర్వాతది. ఏడు రోజులే ఉన్నాయని తెలిస్తే నాలాంటివాడు ముందు లిస్టు రాస్తాడు. ఆయన లిస్టు రాయలేదు, ఒక్క ప్రశ్న అడిగాడు: చావు దగ్గరపడ్డవాడు చేయాల్సిందేమిటి, వినాల్సిందేమిటి? దానికి జవాబు వింటూ కూర్చున్నాడు. భాగవతం మొత్తం ఆ ప్రశ్నకి జవాబుగా నడిచిందే.

శుకుడి వైపునుంచి కూడా చూడండి. ఆయన ఒక చోట నిలిచే మనిషి కాడు. గృహస్థుల గుమ్మం ముందు ఆవుపాలు పితికేంత సేపు కూడా ఉండడని పరీక్షిత్తే అంటాడు. అలాంటాయన ఈ ఒక్కడి కోసం ఏడు రోజులు ఒకే చోట కూర్చున్నాడు. వినేవాడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి. మా వరండాలో నాకు బోధపడ్డది ఈ ముక్కే. ఒంటరిగా నేను చేద్దామనుకున్నవి ఏవీ నిలబడలేదు. ఎదురుగా ఒకళ్ళు ఉన్నది నిలబడింది.

ఏడు రోజులు తక్కువని పరీక్షిత్తు దిగులుపడకుండా శుకుడు ఖట్వాంగుడి కథ చెప్తాడు. ఆ రాజుకి తన ఆయుష్షు ఒక్క ముహూర్తమే మిగిలిందని తెలిసింది. ఆ కాస్త సమయంలోనే అన్నీ వదిలి హరిని చేరాడు. ముహూర్తం అంటే రెండు ఘడియలు, ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే ఖట్వాంగుడికి దొరికింది మన లెక్కలో 48 నిమిషాలు. స్టాండప్ మీటింగులే అంతకంటే ఎక్కువ సాగదీసిన రోజులున్నాయి నాకు. ఈ లెక్క చెప్పాక అమ్మమ్మే అంది, "అయితే మనం రోజుకో ఘడియ చదువుకుందాంలే. నువ్వేం రాజువి కాదుగా." అలా ఇరవై నిమిషాలు ఇరవై నాలుగయ్యాయి.

చదవడం ఎలా బాగుపడిందో కూడా చెప్తాను. నాలాగా తెలుగు సరిగ్గా రానివాళ్ళు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. మొదటి వారం పద్యం నోరు తిరగలేదు. అప్పుడు ఛందస్సు పట్టుకున్నాను. భయపడక్కర్లేదు, ఇది శుద్ధ బైనరీ. ప్రతి అక్షరం లఘువో గురువో. పొట్టి అక్షరం లఘువు. దీర్ఘం, సున్నా ఉన్నది, పొల్లు అక్షరంతో కలిసి పలికేది, వెనకాల ఒత్తక్షరం వచ్చేది గురువు. మూడేసి అక్షరాలు ఒక గణం. మూడు బిట్లు కాబట్టి ఎనిమిది గణాలు. 'సెలవు' అంటే మూడూ లఘువులే, న గణం. 'ఆఫీసు' గురువు, గురువు, లఘువు, అది త గణం. 'మోకాలు' కూడా త గణమే. 'అమ్మమ్మ' కూడా త గణమే! ఈ మూడూ ఒకే గణమని చెప్తే అమ్మమ్మ, "మోకాలితో కలిపావట్రా నన్ను" అంది.

తర్వాత ఒక కాగితం మీద ఉత్పలమాల, చంపకమాల గణాలు పక్కపక్కన రాసి చూశాను. ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, పాదానికి 20 అక్షరాలు. చంపకమాలకి న జ భ జ జ జ ర, 21 అక్షరాలు. పేర్లు చూస్తే రెండింటికీ సంబంధమే లేదనిపిస్తుంది. గురులఘువులు విప్పి రాస్తే, ఉత్పలమాలలో మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే చాలు, మిగతా పాదం అచ్చంగా చంపకమాలే. శార్దూలం, మత్తేభం కూడా అంతే, మొదటి గురువు విరిగి రెండు లఘువులు. ఇది నాలుగు లయలు నేర్చుకోవడం కాదు, రెండే! పండితులకి ఇది చిన్నప్పటి పాఠమే అయ్యుంటుంది, నాకు మాత్రం ఆ రోజు కోడ్‌లో బగ్ దొరికినంత సంతోషం. ఇంకో పొరపాటు కూడా పోయింది. యతి అంటే అక్కడ ఆగాలనుకునేవాణ్ణి. తెలుగులో యతి ఆగే చోటు కాదు, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం రావాల్సిన చోటు. ఆగడం అర్థాన్నిబట్టి ఆగాలి. అది అమ్మమ్మ నేర్పింది, చేత్తో కుర్చీ మీద చిన్నగా తడుతూ.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక మాట. మొత్తం పన్నెండు స్కంధాలు చూసి బెదరొద్దు. తాత్పర్యం ఉన్న పుస్తకం తీసుకోండి, టి.టి.డి. వాళ్ళు వేసిన సంపుటాలున్నాయి. మొదటి పేజీనుంచే చదవాలనీ లేదు. మేం అష్టమ స్కంధంలో గజేంద్ర మోక్షంతో మొదలుపెట్టి, అదే స్కంధంలో వామన చరిత్రకి వెళ్ళాం, తర్వాత దశమంలో రుక్మిణీ కల్యాణం. క్రమం అమ్మమ్మ ఇష్టం. మధ్యలో వచనం వస్తే ఆవిడకి నిద్రొచ్చేది. నిద్రపోతే పోనీ అని నేను చదువుతూనే ఉండేవాణ్ణి. ఆపితే లేచేది.

ఆ ఒక్కటీ కుదురుకున్నాక మిగతావి వాటంతటవే కొంత దారిలోకొచ్చాయి. అన్నీ కాదు, ఐదింటికి లేవడం మాత్రం చివరిదాకా కుదరలేదు. కూర్చుని చేసే పనులు అమ్మ దగ్గర అడిగి తీసుకున్నాను. మునగాకు దూయడం, చిక్కుళ్ళు ఒలవడం, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్. నవంబరు కాబట్టి అమ్మమ్మ పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ పని కూడా నేనే చూశాను. మంచినీళ్ళ కూజా, చార్జరు, మందుల డబ్బా మంచం పక్క బల్ల మీదకి మార్చుకున్నాను. మళ్ళీ ఓ రోజు లెక్కపెడితే ఇరవై మూడు కాస్తా తొమ్మిదైంది. సర్టిఫికేషన్ చదువు రోజుకి గంట, ఒక్కటే కోర్సు. పరీక్ష అప్పుడు రాయలేదు, ఫిబ్రవరిలో రాశాను. కార్తీక సోమవారాలు ఊరంతా పంచారామ యాత్ర బస్సులే, క్షీరారామానికి జనం. నాకు క్యూలో నిలబడే కాలు లేదు. మైకులో వినిపించేది వింటూ చిక్కుళ్ళు ఒలిచాను.

ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇదంతా ఇలాగే వర్తిస్తుందని నేననను. నాకు నెల తిరిగేసరికి జీతం పడింది. ఆ ధైర్యం లేని ఖాళీ వేరు. వాళ్ళకి ఉద్యోగం వెతుక్కోవడమే మొదటి పని, అందులో సందేహం లేదు. అయినా రోజుకి పన్నెండు గంటలు వెతకలేరు కదా. మిగిలిన వేళలో ఒక్క ఘడియ, ఇంట్లో ఒక మనిషికి మాటిచ్చి పెట్టుకోండి. పిల్లలకి లెక్కలు చెప్పడం కావచ్చు, నాన్నగారితో సాయంత్రం నడక కావచ్చు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఫోన్‌లో ఒకళ్ళు. మాట ఇచ్చింది మీకు మీరు కాకుండా చూసుకోండి, అంతే.

36 రోజుల్లో రెండు రోజులు తప్పాయి. ఒకటి నేను చెప్పిన ఫోన్ రోజు, ఒకటి అమ్మమ్మకి జ్వరం. మిగిలిన 34 రోజులు 24 నిమిషాల చొప్పున 816 నిమిషాలు. పద్నాలుగు గంటలు కూడా కాదు. మొదటి పదమూడు రోజుల్లో ఫోన్ ఎంతసేపు చూశానో ఆ ఫోనే చెప్పింది, ఆ అంకె ఇక్కడ రాయను.

సెలవు అయిపోయేనాటికి రుక్మిణీ కల్యాణం సగంలో ఉన్నాం. రుక్మిణి అగ్నిద్యోతనుణ్ణి కృష్ణుడి దగ్గరికి పంపింది, పెళ్ళి గడియ దగ్గరపడుతోంది, వెళ్ళిన బ్రాహ్మణుడి జాడ లేదు, ఆమె దారి చూస్తోంది. సరిగ్గా అక్కడ గుర్తుకి కాగితం పెట్టి పుస్తకం మూశాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. అమ్మమ్మ ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని తనే బీరువాలో పెట్టబోతే, నేను వద్దని నా బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

హైదరాబాద్ వచ్చిన రోజు సామాను సర్దుకునేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ ఫోన్ చేసింది. మోకాలు ఎలా ఉంది, భోంచేశావా, ఐస్ పెట్టుకున్నావా. తర్వాత, "అమ్మమ్మ మాట్లాడుతుందట" అని ఫోన్ ఇచ్చింది. ఆవిడకి ఆ కథ నా వయసుకి మూడింతల ఏళ్ళనుంచి కాకపోయినా రెండింతల ఏళ్ళుగా కంఠస్థం. అయినా అడిగింది:

"ఏరా, ఆ బ్రాహ్మడు వచ్చాడా, ఇంకా లేదా?"

ఐస్ ప్యాక్ ఫ్రిజ్‌లోంచి తీసుకొచ్చి, కాలు చాపుకుని, బ్యాగ్‌లోంచి పుస్తకం తీశాను.